సాక్షి ‘ఊఁ’ అన్నది

నా పేరూ ఇంటి వివరాలూ పై వరుసలో రాసుకున్నారు కనుక మళ్ళీ చెప్పను. వయసు అరవై నాలుగు. ఇదే కోర్టులో బెంచి గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. కాగితాల్లో నన్ను విశ్రాంత ఉద్యోగిని అంటారు. ఆ విశ్రాంతి సంగతి మా మనవరాలిని అడగాలి. విచారణాధికారి గారు పిలిపించి అడగగా, ఎవరి ఒత్తిడీ లేకుండా చెబుతున్నాను.

ఫిర్యాదు నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి మీద. కోర్టులో అందరూ ఆమెను పిచ్చుక అంటారు. మనిషి చిన్నది, ఒక్కచోట కాలు నిలవదు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. తప్పు తేలితే ఉద్యోగం ఊడుతుంది. ఆ సంగతి తెలిసే మాట్లాడుతున్నాను.

పోయిన మంగళవారం, భోజన విరామానికి కొంచెం ముందు జరిగింది. నేను వెనక బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఏం పని మీద వచ్చారని అడిగారు. ఏ పనీ లేదు. ఆ గదిలో ఫ్యాను టకటక వినకపోతే నాకు తోచదు. టైపు మిషన్లు పోయాయి, వేళ్ళకు అంటుకునే కార్బన్ కాగితాలు పోయాయి. పాతవాళ్ళలో మిగిలింది నేనూ ఆ ఫ్యానూ.

బోనులో ఇస్త్రీ పని చేసుకునే పెద్దావిడ నిలబడి ఉంది. తను పని చేసుకుంటున్న గది ఖాళీ చేస్తానని ఒప్పుకుందా లేదా అన్నది కేసు. యజమాని తరఫు వకీలు గారు ప్రశ్నలు వేశారు.

“గది వదిలేస్తానని మీరే చెప్పారు కదమ్మా?”

“ఊఁ.”

“ఈ కాగితం మీద వేలిముద్ర మీదే కదా?”

“ఊఁ.”

“మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు కదా?”

“ఊఁ.”

వకీలు గారు పిచ్చుక వైపు తిరిగి, “అన్నిటికీ అవునన్నారని రాసుకోమ్మా” అన్నారు. పిచ్చుక లేచి నిలబడింది. “సార్, సాక్షి అవునని అనలేదండి. ఊఁ అన్నారు. ఊఁ అనే రాశాను” అని జడ్జి గారితో చెప్పింది. వకీలు గారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. “ఊఁ అన్నా అవునన్నా ఒకటే. ఆ మాత్రం తెలియని మనిషిని ఇక్కడ ఎవరు కూర్చోబెట్టారు?” అని అరిచారు.

జడ్జి గారు పెద్దావిడనే అడిగారు. “ఆయన చెబుతుంటే అడ్డం రాకూడదని ఊఁ కొడుతున్నానయ్యా. అంతా అయ్యాక నా మాట చెబుదామని. గది వదలనంటే వదలనని అప్పుడే చెప్పాను” అంది ఆవిడ. గదిలో ఎవరో పకపకా నవ్వారు. నాకు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎందుకో కూడా రాయండి. చిన్నప్పుడు మా అమ్మ కథ చెబుతూ మా చేత ఊఁ కొట్టించేది. ఊఁ ఆగితే కథ ఆగేది. రాక్షసుడు పిల్లల్ని మింగేశాడన్నా ఊఁ అనేవాళ్ళం. వాడు చేసింది మాకు సమ్మతమని కాదు కదా. మెలకువగానే ఉన్నాం, చెప్పమ్మా, అని. నా చేత అలా ఊఁ కొట్టించుకునే మనిషి ఇప్పుడు లేదు. మంగళవారం ఆ పెద్దావిడ గొంతులో ఆ ఊఁ విన్నాను.

పిచ్చుకకు అర్హత లేదని వకీలు గారు ఫిర్యాదులో రాశారట. డిగ్రీ ఉంది, టైపు పరీక్ష పాసైంది, అవి ఆఫీసులో చూసుకోవచ్చు. అసలు పరీక్ష నేను పెట్టాను. నాకు మా పెద్ద గుమాస్తా గారు పెట్టారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని దాని కోసం బల్లంతా వెతికే మనిషి ఆయన. నేను చేరిన రోజున, “రాయమ్మా. పొద్దున చూస్తే గోడ దగ్గర సైకిలు కనబడలేదు” అన్నారు. నేను ముత్యాల్లాంటి అక్షరాలతో ‘సైకిలు పోయింది’ అని రాశాను. “పోయిందని నేనెప్పుడన్నానమ్మా? మా బావమరిది వేసుకెళ్ళాడు. పాపం వాణ్ణి దొంగను చేశావు కదా!” అన్నారు. మాది చెవుల ఉద్యోగమనీ, సొంత బుర్రను గుమ్మం బయట వదిలి రావాలనీ రోజూ చెప్పేవారు. ఆయన పోయాక ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకు చాలా రోజులు మనసొప్పలేదు.

పిచ్చుక చేరిన రోజున ఆమెకు అదే సైకిలు మాట చెప్పాను. ఆమె ‘కనబడలేదు’ అనే రాసింది. రాసి, “ఇంతకీ ఎవరు తీసుకెళ్ళారండీ?” అంది. అది రాయక్కర్లేదన్నాను. “రాయనులెండి, ఊరికే తెలుసుకుందామని” అంది. నా కుర్చీకి మనిషి దొరికిందని ఆ రోజే అనుకున్నాను.

గుమాస్తా కోర్టులో లేచి మాట్లాడవచ్చా అని అడిగారు. మాట్లాడకూడదు. మా పెద్ద గుమాస్తా గారు ఇలాంటప్పుడు దగ్గేవారు. ఆ దగ్గు వినగానే జడ్జి గారు తలెత్తి, సాక్షిని మళ్ళీ అడిగేవారు. నేనూ ఆయన దగ్గర నేర్చుకుని అలాగే దగ్గేదాన్ని. పిచ్చుకకు రాయడం నేర్పాను కానీ దగ్గడం నేర్పలేదు. అందుకు ఆ పిల్ల ఉద్యోగం తీసేయకండి.

రాసినదంతా ఇక్కడి గుమాస్తా గారు చదివి వినిపించారు. “మీరు చెప్పినట్టే ఉందా అమ్మా?” అని అధికారి గారు అడిగారు. అలవాటు కొద్దీ “ఊఁ” అన్నాను. గుమాస్తా గారి కలం ఆగింది. ఆయన కాగితం మీద నుంచి తలెత్తకుండా గట్టిగా దగ్గారు.

“అవునండీ. నేను చెప్పినట్టే ఉంది, చెప్పినదంతా నిజం” అన్నాను. ఆ దగ్గు కూడా రాయమని కోరి, రాశాక చూసుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బెంచి గుమాస్తా, రిటైర్డు