రెండేసిసార్లు వచ్చిన పేర్లు

హలో… ఆ, నేనేనమ్మా. బ్లడ్ బ్యాంకు నుంచి… కట్ చెయ్యకు తల్లీ. ఒక్క రెండు మాటలు.

…

బాగానే ఉన్నాను. నువ్వెలా… సరే. సరే, అడగను.

అది కాదమ్మా… ఆ రక్తదాతల జాబితా లేదూ, అందులో ఓ చిన్న పొరపాటు…

— అవును. చిన్నది కాదు. పేర్లు రెండేసిసార్లు రావడం నీ టైపింగు తప్పేనన్నాను కదా, ఆ రోజు.

ఇవాళ పొద్దున జాబితా తీస్తే నా పేరే రెండుసార్లు వచ్చింది. నా ఫారం నువ్వు టైప్ చెయ్యలేదు కదా. మొదటిరోజు, సిస్టమ్ పనిచేస్తోందో లేదో చూద్దామని నేనే చేసుకున్నాను. ఒక్కసారే చేశాను. నాకు బాగా గుర్తు.

…

ఆ. నాకు రెండు ఫోన్ నంబర్లు. ఇంటిదొకటి, జేబులోదొకటి.

పేర్లు ఒక టేబుల్లో, ఫోన్ నంబర్లు ఇంకో టేబుల్లో. రెంటినీ జాయిన్ చేసి ఒక్క జాబితాగా కలిపింది నేను. రెండు నంబర్లున్న మనిషి రెండు వరసల్లో దిగాడు, మూడున్నవాడు మూడు వరసల్లో. ఒకేలా ఉన్న వరసల్ని తీసేస్తుంది కదాని డిస్టింక్ట్ పెట్టి చూశా, ఒక్కటీ పోలేదు. నంబర్లు వేరు కాబట్టి దేనికదే వేరే వరస అనుకుంటుంది అది.

పేర్ల టేబుల్ ఒక్కటీ తెరిచి లెక్కపెట్టాను. ఆరువందల పన్నెండు. నువ్వు టైప్ చేసిన ఫారాలూ, నాదొక్కటీ కలిపితే… అంతే. ఒక్క మనిషిని కూడా నువ్వు రెండుసార్లు ఎక్కించలేదమ్మా.

…

చెప్పావు. "పేర్ల టేబుల్ ఒక్కటీ తెరిచి చూడండి సార్" అని ఆ రోజే చెప్పావు. "నువ్వా నాకు నేర్పేది" అన్నాను.

— అన్నాను. అందరి ముందూ నిన్ను కార్బన్ కాగితం అని కూడా అన్నాను. ఏది కొట్టినా రెండు వస్తాయని.

…

తెలుసు. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

…

డాక్టరమ్మగారికి చెప్పాను. రేపటి నుంచే మళ్ళీ పనిలోకి రమ్మన్నారు నిన్ను. అంటే… నేనేం చెప్పానంటే… సిస్టమ్‌లో తప్పు దొర్లిందని…

…

అవునమ్మా. సిస్టమ్ రాసింది నేనే.

…

లేదు, దాన్ని సరిచేశాను. మనిషికి ఒక్క నంబరే అతికేలా మార్చాను. ఇప్పుడెవరూ రెండుసార్లు రావడం లేదు.

— ఎవరు? నంబరే ఇవ్వనివాళ్ళా?

…

ఉండు, చూస్తున్నా…

ఆరువందల నాలుగు. ఎనిమిది మంది… నంబరు లేని ఎనిమిది మందిని ఎగరగొట్టేశానమ్మా. వీళ్ళలో ‘ఓ నెగటివ్’ గ్రూపు రక్తం మనిషి కూడా ఉన్నాడే!

…

లెఫ్ట్ జాయినా? ఆ, నంబరు లేకపోయినా పేరు పోదు. ఆగు… పేర్లు ఎడమ పక్క… ఆ, పెట్టాను.

…

పన్నెండు. ఆరువందల పన్నెండు, వచ్చేశారు.

…

ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది. ఇప్పుడు కూడా నువ్వే చెప్పాల్సి వచ్చింది.

…

రా తల్లీ. నీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు.

…

రావా? ఎందుకని… నిన్ను తప్పుపట్టేవాళ్ళు ఇక లేరు కదా. నేను…

…

తప్పు నాదేనని నీకు ఫోన్లో చెబితే సరిపోదా?

…

అవును. ఆ రోజు ఫోన్లో అనలేదు నిన్ను, అందరి ముందే అన్నాను. నిజమే.

…

ఉన్నారు. టెక్నీషియన్లున్నారు, రిజిస్టరాయన ఉన్నాడు. పక్కగదిలో డాక్టరమ్మగారు. ఆ రోజు ఉన్నవాళ్ళే.

రేపు చెప్పనా? నువ్వొచ్చాక…

…

లేదు లేదు. రేపు కాదు. రేపంటే ఇంకో సాకు వెతుక్కుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఉండు. లైన్లోనే ఉండు. ఫోన్ ఇక్కడ బల్ల మీద పెడుతున్నా, స్పీకర్ నొక్కాను. నువ్వు పెట్టేసినా చెబుతాలే, అయినా ఉండమ్మా.

…

ఇదిగో, అందరూ కాస్త చేతిలో పని ఆపండి. డాక్టరమ్మగారూ, మీరూ ఒక్క నిమిషం ఇలా రండి…

వద్దు, కుర్చీ వద్దు. నిలబడే చెబుతాను.