పరంధామయ్య మేస్త్రీ సున్నం సుక్క

ఏం పాపా, ఊరికి వచ్చి ఒక పూట గాలేదు, అన్నం తిన్న కాడ్నుంచి ఆ అట్టముక్కనే తిప్పి తిప్పి సూస్తా ఉండావు, ఏందది? ఇట్ల తే. నా కండ్లద్దాలు యాడ పెట్నానో... నెత్తి మీదే ఉండాయా? సరే సరే, నవ్వాకు. 'ప్రమాదం తప్పిన సందర్భం. ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది, రాసేవారి పేరు.' అంతా ముత్యాల మాదిరి నింపి పేరు కాడ ఖాళీ పెట్టినావే హేమా? ఆ... ఆ... మీ కంపినీలో ట్రాలీని పసుపుగీత దాటించి పెట్టింది నువ్వేనా? నాలుగు అడుగులు కలిసొస్తాయనా? ఆ లోహిత అనే పిల్ల కాలికి తగులుకొని మిషను మీదికి పడబోయిందా? సెయ్యి లోపలికి పోలేదు గదా? పోలేదు. అమ్మయ్య. ఇంగ నువ్వేమో ఇంకా ట్రైనీవి, పేరు రాస్తే పర్మినెంటు సెయ్యకుండా శ్రీ సిటీ నుంచి నగరికి బస్సెక్కించేస్తారని భయం. అర్థమయిందిలే. మీ అవ్వ శుక్రవారమని దీపం పెట్టను గుడికి పోయింది, వచ్చేలోపల నీకొక మనిషి సంగతి సెప్తా, ఇట్ల కూర్చో. ఫ్యాను కింద కూర్చో, చెమటలు కారిపోతా ఉండాయి.

మీ కంపినీ వాళ్ళు ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు అట్ట మీద అచ్చేసినారు గానీ, ఈ కార్డును నేను నలభై ఏండ్ల కిందట్నే సూసినా. కార్డు కాదులే, మనిషి. పరంధామయ్య మేస్త్రీ. నువ్వు పుట్టకముందే పోయినాడు. ఏకాంబరకుప్పం దోవలో ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి ఉండాదే, దాని ఎనకాల పవర్‌లూము షెడ్డు. పద్నాలుగు మగ్గాలు. నేను ఆరో నెంబరు మగ్గం తొక్కే... తొక్కేదేంది, కరెంటుదే, అలవాటుగా వచ్చేస్తాది నోటికి, మా నాయన తొక్కినాడు గదా గుంట మగ్గం. నేను నేసేది లుంగీలు. ఆ షెడ్డులో మిషన్లు బాగుసేసే మేస్త్రీ ఈయన. పొట్టి మనిషి, బట్టతల, కాకీ నిక్కరు, నడుముకు ఒక ఆకువక్క తిత్తి. పొద్దున పల్లు తోముకున్నాక నోట్లో ఆకు పెడితే మళ్ళా పండుకునే దాకా నోరు ఆడతానే ఉంటాది. ఆయన మాట్లాడితే ఎదురుగా నిలబడే వాని సొక్కాయి ఎర్రగా అయిపోయేది, అందుకని మేమంతా పక్కన నిలబడి ఇనే వాళ్ళం. పద్నాలుగు మగ్గాలు ఒక్కసారిగా ఆడతా ఉంటే ఇనపడేది కూడా లేదనుకో. అంతా సైగలే.

ఆయన గుణం ఏందంటే, ఒక పని సేసి 'అయిపోయింది' అని సెప్పే మనిషి కాదు. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం సుట్టిన కొత్త కండె పెట్టినప్పుడు దారం బయటికి రావల్ల గదా, ఆ సన్న బొక్కలో నుంచి నోటితో పీల్చే వాళ్ళం. పొద్దుకి నూరుసార్లు. ఒకరు పీల్చిన నాడెనే ఇంగొకరు. ఒకనికి దగ్గొస్తే షెడ్డంతా దగ్గేది. అందరూ అదంతేలే అనుకునేది. ఈయన మాత్రం ఒక దినం వచ్చి 'వెంకటమునీ, ఇంగ ముద్దులు సాలించప్పా' అని నాకు సన్న కమ్మీతో కొక్కెం సేసి ఇచ్చినాడు. దాంతో దారం లాగితే తెగిపోయింది. మళ్ళా వంచి తెచ్చినాడు. అదీ తెగింది. మూడోసారి పాత గొడుగు కమ్మీని రాయి మీద నున్నగా సానబట్టి తెచ్చినాడు, అది నిలిచింది. నిలిచిందా, ఊరుకున్నాడా? లేదు. దానికి ఎర్రదారం సుట్టినాడు, కిందపడితే కనపడల్ల అని. మా షెడ్డులోనే మునిచంద్ర అని ఒకడు ఉండే, ఎకసెక్కాల మనిషి, 'మేస్త్రీ, దానికి గజ్జెలు కూడా కట్టు' అన్నాడు. ఈయన గడ్డం గీరుకుంటా, 'మిషన్ల మోతలో ఇనపడదు గదప్పా' అన్నాడు. నిజంగానే యోసన సేసినాడు సూడు! అట్లాంటి మనిషి.

ఇంగ ఆ షెడ్డులో శుక్రవారం సంగతి సెప్తా, తొందర పడాకు. శుక్రవారం సాయంత్రం మోటారు ఆపేసి మగ్గాలకు కుంకం బొట్టు పెట్టి సాంబ్రాణి ఏసేది అన్ని షెడ్లలో ఉండేదే. మా షెడ్డులో దానికి ముందర ఈయన నడిమధ్యలో నిలబడి ఒక మాట అడుగుతాడు. 'ఈ వారం ఎవరికి దెబ్బ తప్పిందప్పా?' తగిలింది ఎవరికి అని కాదు, తప్పింది ఎవరికి అని. మొదట్లో ఎవరూ నోరు తెరవలా. దెబ్బ తగిలిన వానికంటే పసుపు అద్దుతారు, తప్పిన వానికేంది, మొక్కు తీర్చల్నా అని నవ్వేది. అప్పుడీయన ఏం సేసినాడంటే, పూజ గుగ్గుళ్ళు ఉంటాయి గదా, ముందర సెప్పిన వానికి రెండు దోసిళ్ళు అన్నాడు. ఇంగ సూడు! ఒకనికి నాడె ఎగిరొచ్చి సెవి పక్కన పోయిందంట, ఇంగొకనికి నూనె మీద కాలు జారిందంట. ఎవరన్నా సెప్పినారంటే ఈయన తిత్తిలో నుంచి సున్నం డబ్బీ తీసి, ఏలితో ఆ సోటులో ఒక సుక్క పెడతాడు. ఆకుకు రాసే సున్నమే. ఆ సుక్క ఉండాదంటే ఆడికి ఎవరూ సెయ్యి పెట్టగూడదు, దగ్గరికి పోగూడదు. ఆయన ఆ పని బాగుసేసినాక తానే తుడిచేస్తాడు. అది షెడ్డు కట్టుబాటు.

మునిచంద్రకు ఒకసారి సెప్పను ఏమీ లేదు, గుగ్గుళ్ళ మీద మాత్రం ఆశ. 'మేస్త్రీ, నా నెత్తిన బల్లి పడబోయి తప్పింది' అన్నాడు. షెడ్డంతా పగలబడి నవ్వినాం. మేస్త్రీ నవ్వలా. నిచ్చెన తెప్పించి పైకెక్కినాడు, బల్లి యాడ్నుంచి పడబోయింది సూస్తానని. సూస్తే ఏముండాది? పైన రేకుకు బోల్టు ఊడిపోయి గాలికి ఆడతా ఉండాది, సరిగ్గా మునిచంద్ర నెత్తికి నేరుగా! ఆ రేకుకు సుక్క పెట్టి దిగొచ్చి, 'నీకు మూడు దోసిళ్ళప్పా' అన్నాడు. వాడు గుగ్గుళ్ళు సేతిలో పట్టుకొని పైకి సూస్తా అట్లే నిలబడిపోయినాడు, తినలా. అది తలుసుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తాది. శానా మంచి మనిషి పాపా. నాకు ఆయనంటే మా నాయన కంటే ఎక్కువ, ఆ మాట ఆయన ఉండగా సెప్పలా.

ఇంగ అసలుకు వస్తా. నీళ్ళు కొంచిం ఇయ్యి. ఒక ఏడు దసరా ముందర శుక్రవారం, నా ఆరో నెంబరు మగ్గాన్ని తిప్పే బెల్టుకు అతుకు కాడ పిన్ను పైకి లేచింది. నేనే సెప్పినా, గుగ్గుళ్ళు కూడా తిన్నా. కొత్త పిన్నులు మద్రాసు నుంచి రావల్ల, వారం పడతాదని, మగ్గం ఆపకుండా బెల్టు పక్క కాలికి ఇంత పెద్ద సుక్క పెట్టినాడు. బుధవారం ఆయుధపూజ. ముందర దినం అందరూ ఎవరి మగ్గం వాళ్ళు కిరసనాయిలు గుడ్డతో తుడిచేది ఆచారం. షెడ్డు సావుకారి పెండ్లాం ఆనందమ్మ కాణిపాకం నుంచి తెచ్చిన కుంకం తన సేత్తో ప్రతి మగ్గానికీ పెడతాదంట, బాగుండే మగ్గానికి పెద్ద దండ ఏస్తారంట. నా మగ్గం మెరిసిపోతా ఉండాది, కాలి మీద మాత్రం ఆ తెల్లసుక్క. ఎవరో ఆకేసుకొని ఏలు తుడుసుకున్నట్టు ఉండాది సూసే దానికి. తెలీక కాదు పాపా, తెలిసే తుడిచినా. పూజ అయినాక మళ్ళా పెట్టమందాంలే అనుకున్నా. దండ నా మగ్గానికే పడింది. పండగ సందట్లో మర్చేపోయినా.

శుక్రవారం పొద్దున పని మొదలు. కండెలు అందించను ఒక కొత్త పిల్ల వచ్చుండాది, ఇరవై దినాలు గాలేదు. ఆ పిల్లకు మేస్త్రీ మొదటి దినమే సెప్పినాడు, 'అమ్మణ్ణీ, తెల్లసుక్క ఉండే సోటికి పోవాకు, లేని సోట భయం లే.' సుక్కల్ని సూసుకొనే నడిసేది. గంపలో నుంచి ఒక కండె జారి నా మగ్గం పక్కకి దొర్లింది. సుక్క లే. వంగింది. పైట కొంగు పిన్నుకు తగులుకొని బెల్టు ఎంబడి సుట్టుకుంటా ఉండాది. నేను అవతల పక్క ఉండా, పడుగు పోగు ముడేస్తా ఉండా, అరుపు కూడా ఇనపడలా. తలకాయెత్తి సూసేతలికి ఆ పిల్ల మెడ బెల్టుకు జానెడు దూరం. స్విచ్చేమో వాకిలి కాడ. మేస్త్రీ యాడ్నుంచి వచ్చినాడో, ఉత్త సేత్తో బెల్టును పక్కకి తోసేసినాడు. బెల్టు ఊడింది. ఆ పిల్లకు మెడ కాడ గీరుకుంది, అంతే. ఆయనకు కుడిసేతి వేళ్ళు రెండు పోయినాయి. ఎముకలకు ఏసే పుత్తూరు కట్టుకు పోదామని ఒకరు, ఆస్పత్రికని ఒకరు, గుడ్డలు సుట్టి ఎత్తకపోయినాం. దోవలో ఆయన అడిగింది ఒకటే, 'ఆ పిల్లకు ఏం కాలేదు గదా?' ఎవరా పిల్ల అంటావా? మీ అవ్వే. సంతోషమ్మే. నీకు ఆ మెడ మీద మచ్చ సంటిబిడ్డగా ఉండేటప్పుడు కాలిందని సెప్పుంటాది, అది కాదు.

తరువాతి శుక్రవారం ఆ మనిషి సేతికి కట్టుతో వచ్చి నిలబడినాడు పాపా. ఎడమసేత్తో ఆకు మడుసుకుంటా ఉండాడు, సున్నం డబ్బీ మూత రాకుంటే మునిచంద్ర తీసిచ్చినాడు. 'ఈ వారం దెబ్బ తప్పింది నాకేనప్పా, ఐదు పోవల్సింది రెండుతో పోయింది, గుగ్గుళ్ళు నావే' అన్నాడు. ఎవరూ నవ్వలా. సావుకారి మాత్రం ఊగిపోతా ఉండాడు. 'ఆ సుక్క తుడిచినోడు ఎవడో ఇప్పుడే సెప్పండి, ఈ పొద్దే పంపించేస్తా!' ఇంట్లో అమ్మ, ఇద్దరు సెల్లెండ్లు, సంపాదించేది నేనొక్కడు. నేను మునిచంద్ర ఎనక్కి జరిగినా. అప్పుడు మేస్త్రీ సెప్పినాడు, 'సావుకారీ, ఎవరు అని గద్దిస్తే వచ్చే శుక్రవారం నుంచి ఈ షెడ్డులో ఎవరూ ఏదీ సెప్పరు. తప్పు నాది. గుడ్డతో తుడిస్తే పొయ్యేదాన్ని గుర్తని పెట్టినా.' ఆ దినం నుంచి సున్నం మానేసినాడు. డబ్బా మూతలకు ఎర్రరంగు పూసి కమ్మీతో బిగించేది, పట్టకారు లేంది ఊడదు. రెండో వారానికి షెడ్డు ఈ కొన నుంచి ఆ కొన దాకా ఒక తాడు కట్టినాడు, యాడ లాగినా వాకిలి కాడ స్విచ్చు పడిపోయి మోటారు ఆగిపోవల్ల. మొదటి తాడు సాగిపోయింది. రెండోది ఎలక కొరికింది. మూడోది సైకిలు బ్రేకు కమ్మీ. మీ లైన్లో ఎర్రతాడు ఉండాదంటివే, అదే.

ఆ పైన పదకొండేండ్లు ఆ షెడ్డులో పని సేసినా. ఒకరికి కూడా రక్తం కారలా. నా పెండ్లికి వచ్చి మూడు వేళ్ళ సేత్తో అక్షింతలు ఏసినాడు, మీ అవ్వ నెత్తి మీద కొన్ని, నా నెత్తి మీద కొన్ని. నాకు తల పైకి లేవలా. అందరూ సిగ్గనుకున్నారు. శుక్రవారం శుక్రవారం అందరూ సెప్పినాక ఆయన 'ఇంకెవరైనా ఉండారా?' అని ఒక్క నిమిషం ఆగేది. నన్నే అడుగుతా ఉండాడేమో అనిపించేది. తెలుసో తెలీదో. పోయేముందు సూడబోయినా, మంచం పక్కన గంటసేపు కూర్చున్నా, వానలు పడలేదు అదీ ఇదీ మాట్లాడి లేచి వచ్చేసినా. సెప్పుంటే తిట్టే మనిషి కాదు. 'అట్లనా, ఎందుకు తుడిచినావప్పా?' అని అడుగుతాడు, దండ కోసమని నేను సెప్తే, 'అయితే దండ కాడ ఉండాది తప్పు' అని దానికి ఒక దోవ ఎతుకుతాడు. ఆ దోవ ఆయనకు దొరక్కుండా సేసింది నేను. పోయిన వేళ్ళ కంటే నాకు అదే ఎక్కువ నొప్పి.

అందుకని పేరు రాయి. పేరు లేకుంటే ఆ ట్రాలీ ఆడికి ఎందుకొచ్చిందని ఎవరిని అడుగుతారు? పర్మినెంటు సంగతి నాకు తెలీదు, నేను భరోసా ఇయ్యలేను. ఊరికి పంపిస్తే పంపిచ్చినారు, నీకు ఇల్లుండాది, మేముండాం. ఆ లోహిత మొకం సూసి నలభై ఏండ్లు తిరగడం మాత్రం నీ వల్ల గాదు. ఏందీ? అవ్వకు సెప్పినానా అంటావా? ...యాడ సెప్తా. ఎన్నిసార్లు అనుకున్నా. ఆ మచ్చకు కొబ్బరినూనె రాసుకునేటప్పుడల్లా లేచి వాకిట్లోకి పోతా.

రాసినావా? పెన్ను మూత పెట్టు, ఇంకు ఆరిపోతాది. అదో, గేటు సప్పుడు. మీ అవ్వ వచ్చేసినట్టుండాది. ఏం సంతోషమ్మా, ఇంత తొందరగానే? జనం లేరా? గుగ్గుళ్ళు పెట్టినారా? నాకొద్దు, పాపకియ్యి. కాళ్ళు తర్వాత కడుక్కుందువులే, ఇట్ల వచ్చి కూర్చో. కాదు, కాఫీ వద్దు. కూర్చోమంటా ఉండా గదా. ఈ పొద్దు శుక్రవారం. నీకు ఒకటి సెప్పల్ల.