కీచుబండి

ఆదివారం పొద్దున్న. ఇంటి వెనక బానెట్ ఎత్తి ఉన్న స్కూలు వ్యాను. తండ్రి, కూతురు.

“డాక్టరేమన్నాడో చెప్పు ముందు.”

“ముందు ఆ బ్యాటరీ వైరు తియ్యి. పీకకు, నట్టు వదులు చేసి తియ్యి.”

“తీశాను. ఏమన్నాడు?”

“ఫోటో తీశావా? బెల్టు ఏ పుల్లీ మీంచి ఎటు పోతోందో తియ్యమన్నానుగా. లేకపోతే విప్పాక బుర్ర గోక్కుంటూ కూర్చోవాలి.”

“రెండు తీశాను. నాన్నా, నేనడిగింది...”

“విన్నాను. చుక్కలమందు రాశాడు. వేసుకుంటున్నాను.”

“చుక్కలమందు సంగతి కాదు. బండి నడపొచ్చన్నాడా, వద్దన్నాడా?”

“స్పానర్ ఇటియ్యి.”

“నీ ఎడమ చేతి పక్కనే ఉంది.”

“ఎక్కడ?”

“పక్కనే, బంపర్ మీద. ఇంకొంచెం ఇటు. ఇంకొంచెం. ఇదిగో.”

“ఏ మూలో పెట్టి పక్కనంటావు.”

“మూలేం కాదు. జానెడు దూరం లేదు.”

“సరేలే. ఇదీ టెన్షనర్. బెల్టుని బిగించి ఉంచేది ఇదే. స్పానర్ తగిలించి నీ వైపు లాగి పట్టుకో. మధ్యలో వదిలావో, నా వేళ్ళు పోతాయి.”

“లాగాను. ఎంతసేపు?”

“నేను చెప్పేదాకా. ఆఁ, వచ్చేసింది. మెల్లిగా వదులు. చూశావా ఎన్ని పగుళ్ళో? కీచుమనదూ మరి!”

“నువ్వు చూడలేదు నాన్నా. బొటనవేలితో తడిమావు.”

“ఏదైతేనేం. పగుళ్ళు పగుళ్ళేగా.”

“పిల్లలు నిన్ను కీచుతాత అంటున్నారట, తెలుసా? బండి సందు తిరక్కముందే చెవులు మూసుకుంటున్నారట.”

“అననీ.”

“నవ్వైనా నవ్వవేం?”

“నవ్వాలా?”

“నాలుగు రోజుల్నుంచీ ఇదే వరస. పెడితే తింటావు, పెట్టకపోతే లేదు. పలకరిస్తే ఊఁ, లేకపోతే అదీ లేదు. అమ్మ కూడా అంది, మనిషి ఇంట్లో ఉన్నట్టే లేడని.”

“కొత్త బెల్టు తీసి పాతదాని పక్కన పెట్టి చూడు. పొడవు సరిపోయిందా?”

“సరిపోయింది.”

“గాడులు?”

“ఆరే. దీనికీ ఆరు, దానికీ ఆరు. ఇప్పుడైనా చెప్తావా?”

“మళ్ళీ లాగి పట్టుకో. డైనమో మీంచి... స్టీరింగ్ పంపు మీంచి... కిందికి... ఆఁ, కూర్చుంది. వదిలెయ్యి.”

“కూర్చోలేదు.”

“కూర్చుందే. వేలు పెట్టి చూసుకున్నాను.”

“నీ వేలు అందనిచోట నాన్నా. కింది పుల్లీ మీద ఒక గాడి పక్కకి పడింది. నాకిక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది.”

“ఒక్క గాడేనా?”

“ఒక్కటే. ఒక్కటి తప్పినా బెల్టు అంచులు కోసుకుపోతాయని నాకు నేర్పింది నువ్వే.”

“తియ్యి అయితే. మళ్ళీ వేద్దాం.”

“అంతేనా? తియ్యి, మళ్ళీ వేద్దాం, అంతేనా? రేపు పొద్దున్న పధ్నాలుగు మందిని ఎక్కించుకుని పోతావు. పక్కనుంచి ఏ సైకిలో వస్తే? నాకు భయంగా ఉంది నాన్నా. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. ఆ కాయితం నేను చూశాను.”

“ఏ కాయితం?”

“డాక్టరు రాసిచ్చింది. ఉతకడానికి వేస్తుంటే నీ చొక్కా జేబులో దొరికింది. రెండు పక్కలా చూపు పోయిందట, తిరిగి రాదట, బండి నడపకూడదట. దాని కింద గీత కూడా గీశాడు ఆయన.”

“లాగి పట్టుకో. రెండో చేత్తో కింది పుల్లీ దగ్గర నువ్వే సర్దు.”

“చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో.”

“ఊదు. వింటూనే ఉన్నాను. సర్దావా?”

“సర్దాను. ఇంకోటి కూడా విను, తిడితే తిట్టు. శుక్రవారం స్కూలుకి వెళ్ళి మీ మేనేజరుతో అంతా చెప్పేశాను.”

“ఊఁ.”

“ఊఁ ఏంటి? నా చేతుల్తో నేనే నీ పొట్ట కొట్టొచ్చాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం!”

“తెలుసు. ఆయన ఫోన్ చేశాడు. నేను మానేస్తానని చెప్పి వచ్చిన గంటకి నువ్వెళ్ళావట.”

“ఏంటీ?”

“ఇంట్లోవాళ్ళకి నేనే చెప్పుకుంటానన్నాను. అందుకని ఆయన నీ దగ్గర నోరు విప్పలేదు.”

“నువ్వే మానేశావా? నీ అంతట నువ్వే?”

“మానేశాను. రేపు కొత్త డ్రైవరొచ్చి బండి తీసుకెళ్తాడు. పాపం అతని చేతిలో కీచుబండి పెట్టడం బాగోదు కదా. ఆ వైరు తగిలించి ఓసారి స్టార్ట్ చెయ్యి.”

“…చప్పుడు లేదు.”

“బాగుంది. ఆపెయ్యి.”

“మరి ఇంతసేపూ నా చేత ఎందుకు అరిపించావు? ఆ ముక్కేదో ముందే చెప్పి ఏడవచ్చుగా!”

“నువ్వు అరుస్తుంటే కాస్త నయంగా ఉందమ్మా. లేకపోతే నాకేమీ తెలియట్లేదు. ఆకలి తెలియట్లేదు, బాధ తెలియట్లేదు. గురువారం నుంచీ ఇంతే.”

“గురువారం ఏమైంది?”

“సందు చివర ఆరుగురు దిగుతారు కదా. అందరూ దిగారనుకున్నాను. బండి ఇక్కడ పెట్టి, తాళం వేసి, లోపలికెళ్ళి పడుకున్నాను. మీరెవరూ ఇంట్లో లేరు. కాసేపటికి ఎల్కేజీ పాప వాళ్ళమ్మ ఫోన్ చేసింది, పాప ఇంకా రాలేదేమని.”

“నాన్నా!”

“ఇందులోనే ఉంది. వెనకనుంచి రెండో వరస, కిటికీ పక్కన. సీటు మీద ముడుచుకుని నిద్రపోతోంది.”

“అయ్యో దేవుడా! పాపకి...”

“ఏమీ కాలేదు. ఒళ్ళంతా చెమట, అంతే. ఎత్తుకుంటే కళ్ళు తెరిచి, ఇల్లొచ్చేసిందా తాతా అంది.”

“హమ్మయ్య! ఏడవకు నాన్నా... ఏడవట్లేదా? సరే. ఎవరికైనా జరుగుతుంది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కరోజు సీట్లు చూసుకోవడం మర్చిపోయావు...”

“మర్చిపోలేదమ్మా. ముందునుంచి వెనకదాకా నడిచి, ప్రతి సీటూ చూశాకే తాళం వేశాను.”