కంచె అవతల విన్న వార్త

"ఏమయ్యా, విన్నావా? లండన్ రేడియోవాళ్లు నిన్న మన హంగేరియన్ భాషలోనే చెప్పారట. మనవాళ్లని ఎక్కిస్తున్న ఆ రైళ్లు పనిలోకి తీసుకెళ్లేవి కావట. దిగీ దిగగానే విషపు గాలి పెట్టి చంపేస్తున్నారట, పసిపిల్లల్తో సహా. ఎతెల్కా చెప్పింది."

1944 జూన్. హంగేరీలో ఓ చిన్న ఊళ్లో, యూదుల వీధి చుట్టూ కొట్టిన చెక్కపలకల కంచె లోపల, మొగుడూ పెళ్లామూ రేపటి రైలుకి మూటలు కడుతున్నారు. ఎతెల్కా యూదురాలు కాదు, ఆమె ఇల్లు కంచెకి అవతల.

"ఎతెల్కా మాటా? తన కోడి గుడ్డు పెట్టినా ఊరంతా దండోరా వేసే మనిషి."

"ఇది తన మాట కాదు, రేడియో మాట."

"యుద్ధంలో రేడియో నిజం చెబుతుందటే, పిచ్చిదానా? కిందటి యుద్ధంలో పేపరుకి అచ్చక్షరాలు పేర్చినవాణ్ణి నేను. శత్రువులు పసివాళ్ల చేతులు నరికారని ఈ వేళ్లతోనే పేర్చాను. అందులో ఒక్క ముక్క నిజం లేదు."

"అన్నీ అబద్ధాలే అయితే, ఏప్రిల్‌లో అన్నిటికంటే ముందు మన రేడియోనే ఎందుకు పట్టుకుపోయారు?"

అతను ముడి వేస్తున్న తాడు వదిలేశాడు.

"మన సంగతి ఎలాగైనా కానీ. మన పాప లిలిని ఎతెల్కా దగ్గర ఉంచేద్దాం. పిల్లది బంగారు జుట్టు, తన చెల్లెలి కూతురని ఎతెల్కా అంటే ఎవరైనా నమ్ముతారు. కంచె దగ్గరికి వెళ్లి అడుగు."

"పొద్దున్నే అడిగాను."

"ఏమంది?"

"ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. రేడియో మాట అబద్ధమైతే పిల్లని దాచే పనే లేదంది. నిజమైతే, దాచినందుకు తన పిల్లల్నీ అదే రైలెక్కిస్తారంది."