పదకొండు వేల ఫొటోల రోజు

కోల్‌కతా బెహాలాలో ఆదివారం మధ్యాహ్నం, బయట వాన. తన కెమెరా ఫొటోలూ భార్య ఫోన్‌లోవీ కలిపి, మూడు రోజులు కూర్చుని ఆయన క్లౌడ్‌లోకి ఎక్కించాడు. ఇప్పుడు భార్య టీ కప్పుతో లాప్‌టాప్ ముందు చేరింది.

"ఇదేంటండీ, మీ పదకొండు వేల ఫొటోలూ రెండువేల ఐదు జనవరి ఒకటినే తీసినట్టుంది?"

"ఆ కెమెరాలో తేదీ పెట్టడం నాకెప్పుడూ రాలేదు. బ్యాటరీ తీసినప్పుడల్లా మళ్లీ మొదటికొచ్చేది."

"అంటే ఆ ఒక్కరోజే పాప బడికెళ్లింది, పెళ్లి చేసుకుంది, తల్లి కూడా అయింది."

"మధ్యలో మనం నాలుగుసార్లు డార్జిలింగ్ వెళ్లొచ్చాం."

"పొద్దున మీకు జుట్టుంది. సాయంత్రానికి లేదు."

"ఒక్కరోజులో అంత తిరిగితే ఊడదా మరి?"

"నవ్వించకండి, టీ ఒలికిపోతోంది. ఇప్పుడివన్నీ సరిచేసేదెలా?"

"దుర్గాపూజ ఫొటోలున్నాయిగా. మన వీధి పందిరి ఏటా ఒక కొత్త వస్తువుతో కడతారు. కొబ్బరిపీచుతో కట్టింది పాప బడిలో చేరిన ఏడు. గాజుసీసాలతో కట్టింది దాని పెళ్లి ఏడు. వాటిని పట్టుకుని తేదీలు వేసుకుంటూ పోదాం."

"ఆగండి. ఈ రెండు ఫొటోలు చూడండి. మీ అమ్మగారు, పక్కనే మన మనవరాలు."

"అమ్మ పోయిన ఆరేళ్లకి కదా అది పుట్టింది."

"ఒకే రోజనుకుని ఈ క్లౌడ్ పక్కపక్కన పెట్టేసింది. ఇద్దరికీ పళ్లు లేవు. ఇద్దరి మూతికీ తీపి పెరుగే."

ఆయన లాప్‌టాప్ దగ్గరికి వంగి ఆ రెండు ఫొటోలనూ పెద్దవి చేసి చూశాడు.

"తేదీలు మార్చమంటారా?"

"వద్దు. ఆ రోజుని అలాగే ఉండనీ."

"మరి మీ జుట్టు?"

"పొద్దునంతా ఉంది కదా, చాల్లే."