మూడో మలుపు దగ్గర కుదుపు

మంచినీళ్లు తాగొస్తానన్న భర్త ఎంతకీ రాకపోయేసరికి, రోలర్ కోస్టర్ దిగిన ఆవిడ ఒక్కతే పక్కనున్న రిపేరు షెడ్డులోకి వచ్చి, మెకానిక్ బల్ల మీద చేతిసంచీ ఠపీమని పెట్టింది.

"మూడో మలుపు దగ్గర కుదుపు ఏమైంది బాబూ?"

"పట్టా కాస్త వంగి ఉంటే పోయిన నెల సరిచేశామమ్మా. ఇప్పుడు మెత్తగా పోతోంది."

"మెత్తగా పోవడానికైతే ఇంట్లో సోఫా ఉంది. పెళ్లికి ముందు నుంచీ వస్తున్నాను ఈ పార్కుకి. ఎవరినడిగి తీశారు?"

"అది లోపమమ్మా. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు."

"పడాలనే కదయ్యా ఎక్కేది. మా ఆయన నలుగురిలో నా పక్కన నడవడానికే మొహమాటపడే మనిషి. ఆ మలుపులో మాత్రం, పడిపోతానేమోనని భుజం చుట్టూ చెయ్యి వేసేవారు. ఏడాదికోసారి ఆ ముచ్చటైనా ఉండేది. ఇవాళ చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సులో కూర్చున్నట్టు కూర్చున్నారు."

మెకానిక్ చేతిలో స్పానర్ కింద పెట్టాడు.

"నీలం చొక్కా, బట్టతల. ఆయనేనా?"

"నీకెలా తెలుసు?"

"ఇప్పుడే వచ్చి మీకన్నా ఎక్కువ గోలచేసి వెళ్లారమ్మా. కుదుపు తీసేస్తే ఇక మా ఆవిడని ఏ వంకతో పట్టుకోవాలయ్యా అని."

ఆవిడ సంచీ చంకన పెట్టుకుని గుమ్మం వైపు తిరిగింది.

"పరాయివాడి ముందు పెగిలిన నోరు, ఇన్నేళ్లూ నా దగ్గర ఎందుకు పెగల్లేదో ఇప్పుడే తేల్చుకుంటాను."