హనుమంతప్ప మీసం పోయిన సంగతి

ఏమ్మా మేఘనా, చెవుల్లో అది పెట్టుకోని అట్ల మొహం వేలాడేసినావు? ఆ పైలట్ల మాటలు అర్థం కాలేదా? విమానాలకి దారి చెప్పే ఆ ఉద్యోగం పరీక్ష ఇంకా నెలుండాది కదా, కుప్పం నుంచి తాత ఇంటికి వచ్చి ఈడ కూడా దిగులేనా. ఇట్ల కూర్చో. పుంగనూరులో మాకు హనుమంతప్ప అని ఒకాయన ఉండేవాడు, పోయి ఇరవై ఏండ్లు దాటింది. చదివింది ఎనిమిదో తరగతి, మదనపల్లె టమోటా మండీలో గుమాస్తా. ఆయన మీసం ఉండాదే, దానికి దినామూ ఆముదం రాసేవాడు. "ఈ ఇంట్లో నాకంటే దానికే మర్యాద ఎక్కువ" అనేది ఆయన పెండ్లాం రెడ్డెమ్మ. ఆఁ, ఏం చెప్తాండాను, ఆయన రేడియో సంగతి.

బెంగళూరులో పాత సామాన్ల అంగట్లో కొన్నాడు దాన్ని. విమానాల మాటలు పట్టేది. మా వీధిలో మునిరత్నం హోటల్లో పెట్టి తిప్పితే ఒకటే గరగర, మధ్యలో ఒక గొంతు. నేను బి.ఎ. చదివినోణ్ని, నాకు ఒక్క ముక్క తెలీలే. పైగా పైన విమానం నడిపేవాడి గొంతే వినపడేది, కింద విమానాశ్రయం ఆఫీసోడిది మన దాకా రాదు. "ఈయప్ప ఎవరితో మాట్లాడతాండాడు, తనలో తనేనా" అనేవాడు మునిరత్నం. మూడు నెలలు విన్నాడమ్మా హనుమంతప్ప. ఒకరోజు, "ఇదంతా మన మండీ పద్ధతేనప్పా" అన్నాడు. మండీలో వేలం పాట పెట్టేవాడు సరుకు లాటు నంబరు చెప్తే, ఈయన దాన్ని గట్టిగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే రాయాల. "పైనోడు కూడా కిందోడు చెప్పిందే అప్పజెప్తాండాడు. అంకెలు ఒక్కొక్కటే, చివర్లో తన విమానం పేరు. ఇంగ్లీషు వెనక పడొద్దప్పా, వరస పట్టుకో" అన్నాడు. నువ్వూ అదే చెయ్యమ్మా.

మునిరత్నం ఊరుకుంటాడా. "అట్లయితే వచ్చే విమానం ఏం చేస్తాదో ముందే చెప్పు. తప్పితే మీసం తీసేయాల" అన్నాడు. ఈయన సరే అనేసినాడు. తీర్పు ఈ బి.ఎ. చెప్తాడని నన్ను నిలబెట్టినారు. ఆదివారం మధ్యాన్నం వీధి నిండా జనం. తూర్పు నుంచి మా నెత్తి మీదికే వస్తాండాది విమానం, ఆకాశంలో అదొక్కటే. రేడియో గరగరమనింది. హనుమంతప్ప కండ్లు మూసుకోని విని, "ఎడమకి తిరగమన్నారు, ఇప్పుడు తిరుగుతాది సూడండి" అన్నాడు. అందరం తలెత్తి చూస్తాంటే అది నిదానంగా మా కుడిపక్కకి వంగింది. ఒకటే ఈలలు. "ఏమప్పా బి.ఎ., తీర్పు చెప్పు" అన్నాడు మునిరత్నం. కుడికి పోయిందని చెప్పేసినాను. "అప్పా, అది పైనోడి ఎడమ" అని హనుమంతప్ప అంటానే ఉండాడు, ఆ గోలలో వినేదెవరు. అరగంటలో మీసం పోయింది.

నేను ఇంటికి పోతాంటే ఎదురుగా బస్సొకటి వచ్చి దాని ఎడమకి తిరిగింది. నాకు అది కుడి. రోడ్డు మధ్యలో అట్లే నిలబడిపోయినాను. మరునాడు మండీకి పోతే, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకోని నంబర్లు తిరిగి చెప్తాండాడు. నన్ను చూసి, తువ్వాలు తీసి నవ్వినాడు. నా తీర్పే తప్పని చెప్పేద్దామనే పోయినాను.

చెప్పినానా అంటే... ఆ కాఫీ ఆరిపోతాండాదమ్మా, ముందు తాగు.